ఎడమకాలి పాఠం: రహీం మాస్టారు

మన భాషలో ఎడమకాలికి మర్యాద తక్కువ. ఎడమకాలితో తన్నేశాడంటే తృణీకరించాడని అర్థం. కొత్తకోడలిని కుడికాలు ముందుపెట్టి రమ్మంటాం. పిల్లవాడు ఎడమచేత్తో బలపం పట్టుకొంటే వేళ్ళమీద బెత్తంతో ఒకటి వేసిన పంతుళ్ళు మా తరానికి తెలుసు. అటువంటి దేశంలో, కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోనూ, ఎడమకాలి వాటం గలవాడు కుడికాలితోనూ మాత్రమే బంతిని తన్నాలనే నియమం పెట్టి పోటీలు నడిపించిన ఉపాధ్యాయుడొకరు మన హైదరాబాదులో ఉండేవారు. వారి పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న జన్మించి 1963 జూన్ 11న కన్నుమూశారు. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకూ, భారత జాతీయ జట్టుకూ శిక్షకులు. 1951లోను, 1962లోను మనదేశం ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణపతకం గెలిచింది. ఆ రెండుసార్లూ జట్టు వెనుక నిలిచినవారు ఆయనే. ఆ తరువాత ఆ పతకం మనకు మళ్ళీ రాలేదు.

2024 ఏప్రిల్‌లో 'మైదాన్' అనే హిందీ చిత్రం విడుదలయ్యాక ఈ పేరు మళ్ళీ నలుగురి నోటా వినబడింది. అజయ్ దేవగణ్ ఆ పాత్ర ధరించారు. మా జంగారెడ్డిగూడెంలో క్రికెట్ తప్ప మరో ఆట ఎరుగని పిల్లలు కూడా, ఈయన మన హైదరాబాదాయనేనటగదా మాస్టారూ అని నన్ను అడిగారు. ఔను, మన హైదరాబాదాయనే. అయితే ఆ 'మన' అనే మాట తెలుగువాళ్ళ నోట ఇంత ఆలస్యంగా రావడమే నన్ను ఈ నాలుగు మాటలు రాయడానికి పురికొల్పింది.

ఆటగాళ్ళూ అభిమానులూ ఆయనను 'రహీం సాబ్' అనే పిలిచారు. మా గోదావరి జిల్లాల్లో పుట్టివుంటే 'రహీం మాస్టారు' అనేవాళ్ళం. ఇది నేను కల్పించి అంటగడుతున్న బిరుదు కాదు. ఆయన వృత్తిరీత్యా బడిపంతులే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొన్నారు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలైనచోట్ల పనిచేశారు. నడుమ వ్యాయామవిద్యలో డిప్లొమా సంపాదించి పిల్లల ఆటల బాధ్యత కూడా స్వీకరించారు. తానూ ఫుట్‌బాల్ ఆడినవారే. 1940లలోనే హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. అంటే జాతీయ జట్టు చేతికి రాకమునుపే ఆయన చేతిలో ఒక ఊరూ, ఆ ఊరి బడులూ, చిన్నచిన్న క్లబ్బులూ ఉన్నాయి. సినిమా ఈ భాగాన్ని తొందరగా దాటేస్తుంది. కథకు పతకం కావాలి గనుక దర్శకుణ్ణి తప్పుపట్టలేను. చరిత్ర రాసేవాడు మాత్రం అలా దాటడానికి వీల్లేదు.

ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. సికిందరాబాదు దండులో ఆంగ్ల పటాలాలు ఉండేవి. సైనికులు ఆడే ఆటను చుట్టుపక్కల బస్తీల పిల్లలు చూసి నేర్చారు. కాలికి జోడు లేకపోయినా ఆడగలిగిన ఆట, ఒక్క బంతితో ఇరవైరెండుమందికి సరిపోయే ఆట. నగర పోలీసు శాఖ జట్టును పోషించి, ఆడగలవాడికి ఉద్యోగం ఇచ్చేది. బీదింటి కుర్రవాడికి బంతి అన్నం పెట్టగలదన్న నమ్మకం అలా కుదిరింది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ సంధికాలంలో ఆ నగరం ఎన్ని భయాలు చవిచూసిందో చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు. సరిగ్గా రెండేళ్ళకు, 1950లో, రహీం శిక్షణలో అదే నగరపు పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలిచింది. అదే ఏడాది ఢిల్లీలో మోహన్ బాగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది.

క్రికెట్ మాత్రమే ఎరిగిన మిత్రుల కోసం ఒక మాట. డ్యూరాండ్ 1888లో సిమ్లాలో మొదలైన పోటీ, రోవర్స్ 1891లో బొంబాయిలో మొదలైన పోటీ. రెండూ ఆంగ్ల పటాలాల కోసం పుట్టినవే. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొట్టమొదటి డ్యూరాండ్ 1950 నాటిదే. దాన్ని గెలిచినది కలకత్తా జట్టు కాదు, మన హైదరాబాదు జట్టు. రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు ఈ జట్టే గెలుచుకొంది. డ్యూరాండ్ 1954లోను, 1957లోను, ఆంధ్ర పోలీసు అన్న పేరుతో 1961లోను మళ్ళీ దక్కింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58 సంవత్సరాల్లో వెంటవెంటనే గెలిచింది. కలకత్తాలో ఫుట్‌బాల్ మతంవంటిదంటారు. ఆ రోజుల్లో ఆ మతానికి గట్టిగా ఎదురునిలిచిన పాఠశాల మాత్రం మూసీ ఒడ్డున ఉండేది.

'పాఠశాల' అని ఊరికే అనలేదు. ఆయన నేర్పిన పద్ధతే బడి పద్ధతి. మొదట చెప్పిన ఎడమకాలి పోటీలనే తీసుకోండి. ఆటగాడికి ఒక కాలు వాటంగా ఉంటుంది. అది తెలిసిన ప్రత్యర్థి ఆ పక్కనే కాపు కాస్తాడు. రెండో కాలికి పనిలేకపోతే మైదానంలో సగం మూసుకుపోయినట్లే. సాధన చెయ్యమని ఎంత చెప్పినా ఎవడూ చెయ్యడు, సిగ్గుపడతాడు. అదే, అందరూ బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమం గల పోటీ పెడితే సిగ్గు అందరికీ సమానమవుతుంది. అక్కడ గెలవాలన్న పంతం పుడుతుంది, ఆ పంతమే సాధన చేయిస్తుంది. నేను ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పాను. పద్యం గడగడ అప్పజెప్పే పిల్లవాడు సొంతమాటల్లో నాలుగు వాక్యాలు రాయమంటే తలవంచుకొంటాడు. చక్కగా రాసేవాడు నలుగురి ముందు నోరువిప్పడు. ఎవడి 'ఎడమకాలు' వాడికి ఉంటుంది. దాన్ని దండనతో కాక పోటీతో నడిపించవచ్చునన్న ఆలోచన ఎంత గొప్పదో బడిలో పనిచేసినవారికి తేలికగా తెలుస్తుంది.

ఇంకొక పోటీ అంతకంటె చిత్రమైనది. అందులో బంతిని కాలితో ఆడించుకొంటూ ఎదుటివారిని తప్పించుకుపోవడం నిషేధం. బంతి అందగానే తోటివాడికి అందించాలి. ఒక స్పర్శతో ఆపు, రెండో స్పర్శతో పంపు. మనవాళ్ళకు ఒంటరి విన్యాసం మీద మోజు ఎక్కువ. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేది కూడా నలుగురిని తప్పించుకుపోయినవాడికే గాని, సమయానికి బంతి వదిలినవాడికి కాదు. సభలో సమస్యాపూరణం చేసినవాడికి చప్పట్లు, నిఘంటువు కూర్చినవాడికి మౌనం. మన సాహిత్యలోకంలోనూ అదేగదా వరుస! ఆ మోజును మాటలతో ఖండించకుండా, అసలు ఆ విద్య పనికిరాని ఒక ఆటను సృష్టించి ఆడించారాయన.

జాతీయ జట్టు కథలో పతకాలకంటె ఓటమే నాకు ఎక్కువ పాఠంగా తోస్తుంది. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచాం. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యాం. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ పరాభవం తరువాతే దేశంలో ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి చేశారు. ఉత్త కాళ్ళ మీద మనకొక విచిత్రమైన గర్వం ఉండేది. 1911లో మోహన్ బాగాన్ ఆంగ్ల పటాలపు జట్టును ఓడించినప్పటి నుండి ఆ గర్వం పెరుగుతూ వచ్చింది. గర్వానికి కారణమైన గుణమే లోపంగా మారినప్పుడు దాన్ని వదులుకోవడం కష్టం.

అదే యుగొస్లావియా నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో మళ్ళీ ఎదురయింది. ఈసారి ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో. మొదటి గోలు మనవాళ్ళే కొట్టారు. చివరకు 4-1తో ఓడినా, 1952 నాటి ఆటకూ ఈ ఆటకూ పోలికే లేదు. అంతకుముందు 1956 డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం.

ఆ తేదీని కొంచెం గమనించండి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. సరిగ్గా నెల తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆ విజయం. ఆ జట్టులో హైదరాబాదువారు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ ఉన్నారు. ప్రపంచ వేదికమీద కొత్త రాష్ట్రపు తొలి కీర్తి అదేనని నేను భావిస్తాను. రాష్ట్రావతరణ గురించి మనం ఎన్నో వ్యాసాలు చదివాం, ఎన్నో సభల్లో ఉపన్యాసాలు విన్నాం. ఈ మాట ఎవరైనా అన్నట్లు నాకు జ్ఞాపకం లేదు.

మైదానంలో ఆటగాళ్ళను నిలిపే పద్ధతిలో కూడా ఆయనది ముందుచూపు. అప్పటికి లోకమంతా ముగ్గురు రక్షకులు, ఇద్దరు మధ్యస్థులు, అయిదుగురు దాడిచేసేవారు అనే అమరికతో ఆడేది. 1953లో హంగరీ జట్టు లండన్‌లో ఇంగ్లండును 6-3తో ఓడించినప్పుడు, ముందుండవలసిన ఆటగాడు వెనక్కి జారి ఆడడం చూసి లోకం నివ్వెరపోయింది. బ్రెజిల్ 1958 ప్రపంచ కప్పులో నలుగురు, ఇద్దరు, నలుగురు అనే అమరికకు పేరు తెచ్చింది. అంతకుముందే రహీం తన జట్లను ఆ దారిలో నడిపించారని ఆనాటి ఆటగాళ్ళు చెప్పారు. విదేశీ శిక్షకులు వచ్చి నేర్పితే గాని మనకు రాదనుకొనే విద్యను, ఒక బడిపంతులు పుస్తకాలు చదివి, ఆటలు చూసి, తన ఊరి పిల్లల మీద పరీక్షించి సాధించారు.

బలరామ్ ప్రస్తావన వచ్చింది గనుక ఆ సంగతీ చెప్పనివ్వండి. సికిందరాబాదు అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టినవాడు. స్థానిక ఆటలో ఆయన కంటబడ్డాడు. శిక్షణకు హైదరాబాదు రమ్మంటే వచ్చే దారిఖర్చులు కూడా లేవట. అద్దె సైకిలుకు రహీమే డబ్బిచ్చి రప్పించుకొన్నారని బలరామ్ పెద్దవాడయ్యాక చెప్పుకొన్నాడు. ఆ కుర్రవాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోళ్ళు కొట్టాడు. అక్కడ హంగరీతో 2-1 తేడాతో ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమంగా నిలిచాం. ఈ రోజు ఆ అంకెలు చదువుతుంటే ఏదో పురాణకథలా ఉంటుంది. ఆ ఒలింపిక్స్ బృందంలో రహీం కుమారుడు హకీం కూడా ఉన్నారు.

ఇక 1962 జకార్తా. అందరికీ తెలిసిన కథ గనుక క్లుప్తంగా చెబుతాను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తరువాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచి మళ్ళీ అదే కొరియా ముందు నిలిచాం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి గురుదత్ సోంధీ విమర్శించినందువల్ల ఇండోనేషియా జనం మన మీద మండిపడుతున్నారు. సెప్టెంబరు 4న సుమారు లక్షమంది నిండిన మైదానంలో మన జట్టుకు దక్కినవి ఎగతాళి కేకలే. తలకు కుట్లు పడ్డ రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసలో దాడికి నిలిపారు. దెబ్బతగిలినవాణ్ణి కూర్చోబెట్టకుండా, అతని పొడవునూ బలాన్నీ మరోచోట వాడుకొన్నారు. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ జర్నైలే ఒకటి గోళ్ళు కొట్టారు. 2-1తో స్వర్ణం మనదయింది. ఆ కేకల నడుమ మన పక్షాన గొంతెత్తినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళని ఆ జట్టువారు తరువాత చెప్పుకొన్నారు.

అప్పటికే మాస్టారి ఊపిరితిత్తులను పుట్టకురుపు తినేస్తోంది. తుదిపోటీకి ముందు ఆటగాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకొని ఒక్క కానుక ఇమ్మని అడిగారంటారు. గురుదక్షిణ అడగడం మన పురాణాల్లో మామూలే. ఏకలవ్యుణ్ణి అడిగిన దక్షిణ ఎటువంటిదో మనకు తెలుసు. బలహీనమైన కాలిని బాగుచేసిన గురువు అడిగినది వేరు. తొమ్మిది నెలల తరువాత, 53వ ఏట, ఆయన వెళ్ళిపోయారు. దేశంలో శిక్షకుల కోసం 1985లో నెలకొల్పిన పురస్కారానికి మాత్రం ద్రోణుడి పేరే పెట్టారు. అది మొదలయ్యేసరికి రహీం పోయి 22 ఏళ్ళు.

హైదరాబాదులో పాత అభిమానుల మాటల్లో, ఆనాటి ఆటగాళ్ళ జ్ఞాపకాల్లో తరచు వినబడే వాక్యం ఒకటుంది. రహీం సాబ్ పోతూ పోతూ ఆటను కూడా తనతో తీసుకుపోయారని. ఎంత ప్రేమతో అన్నమాటో నాకు తెలుసు. కాని దానితో నాకు పేచీ ఉంది. ఆయన పోయాక 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టు కాంస్యం తెచ్చింది. దాని నాయకుడు నయీముద్దీన్ హైదరాబాదు బిడ్డ, శిక్షకుల్లో ఒకరు రహీం శిష్యుడు పి.కె. బెనర్జీ. అంటే విద్య సమాధిలోకి పోలేదు, ఏడెనిమిదేళ్ళపాటు బతికేవుంది. గురువు పోవడంతో విద్య పోయిందనడం గురువుకు గొప్ప నివాళిగా కనిపిస్తుంది గాని, దాన్ని నిలబెట్టవలసిన మనకు అది చాలా సుఖమైన మాట. ఎడమకాలి పోటీకి డబ్బు అక్కరలేదు, విదేశీ శిక్షకుడు అక్కరలేదు. ఒక బంతి, ఒక బడి, సాయంత్రం ఒక గంట ఆగే ఒక మాస్టారు చాలు. దాన్ని ఆపింది మృత్యువు కాదు, నిర్లక్ష్యం.

తెలుగువాళ్ళ మరపుకు మరొక కారణం కూడా కనిపిస్తుంది. రహీం మాట్లాడిన భాష ఉర్దూ. ఆయన గురించి రాసినవి ఎక్కువగా ఇంగ్లీషులో, ఉర్దూలో, బంగాళీలో ఉన్నాయి. కోస్తా జిల్లాలవాళ్ళం 1956లో హైదరాబాదును రాజధానిగా స్వీకరించాం. ఉద్యోగాలకు వెళ్ళాం, ఇళ్ళు కట్టుకొన్నాం. ఆ ఊరి జ్ఞాపకాలను మాత్రం మనవిగా చేసుకోలేదు. ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయిన తరువాత అక్కడ మనం చూసింది క్రికెట్టూ, రాజకీయ సభలూ. 2014లో రాష్ట్రం విడిపోయాక ఏ ఆస్తి ఎవరిదని లెక్కలు వేసుకొన్నాం. ఆ పట్టికల్లో సిటీ పోలీసు జట్టు లేదు, రహీం మాస్టారూ లేరు. పంచుకోవడానికి ముందు అది మన దగ్గర ఉండాలిగదా!

మా మెట్టప్రాంతపు బడుల్లో కబడ్డీ, వాలీబాల్ బాగా ఆడతారు. అటు కొల్లేటి లంకల్లో వానాకాలం వస్తే ఆటస్థలమన్నదే నీళ్ళలో ఉంటుంది. ఫుట్‌బాల్ మాకు దూరపు చుట్టమే. 2022 మార్చిలో హైదరాబాదు ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిననాడు కూడా మా బజారులో పెద్దగా అలికిడి లేదు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయినప్పుడూ లేదు. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుదిపోటీ హైదరాబాదులోనే జరిగింది. ఆడినవి బెంగాల్, కేరళ. బెంగాల్ గెలిచింది.

పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి 2020లో పోయారు. రహీం కుమారుడు హకీం 2021లో, బలరామ్ 2023 ఫిబ్రవరిలో పోయారు. ఆ తరగతిలో కూర్చున్న విద్యార్థులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఎడమకాలి పోటీలు ఏయే మైదానాల్లో జరిగేవి, గెలిచినవాళ్ళకు ఏమి బహుమతి ఇచ్చేవారు, నియమం తప్పి వాటపు కాలితో తన్నినవాడిని రెఫరీ ఏమి చేసేవాడు, ఇటువంటి చిన్న సంగతులు పుస్తకాల్లో దొరకవు. కాచిగూడ, చాదర్‌ఘాట్, మల్లేపల్లి, బొల్లారం ప్రాంతాల్లో ఉన్న మిత్రుల ఇళ్ళల్లో ఎనభై దాటిన పెద్దలు ఎవరైనా ఆ ఆటలు ఆడినవాళ్ళో చూసినవాళ్ళో ఉంటే, ఒక సాయంత్రం వారి దగ్గర కూర్చొని అడిగి తెలుగులో రాసిపెట్టండి. ఉర్దూలో చెబితే ఉర్దూ మాటలే ఉంచి రాయండి, ఫరవాలేదు.